నలభై అయిదు అని రాసిన విల్లు

కొత్త విల్లు మూడవసారి కూడా పూర్తిగా వంగలేదు. నారి కుడిభుజానికి ఇంకా నాలుగు వేళ్ళ దూరంలో ఉండగానే ప్యో గున్-మో మోచెయ్యి వణికింది. బాణం విడవకుండానే విల్లు దించి, ఆయన వరుసలోనుంచి పక్కకు తప్పుకున్నాడు.

"మాస్టారూ, మీరు విల్లును లాగుతున్నారా, విల్లు మిమ్మల్ని లాగుతోందా?" అన్నాడు తక్ ఇన్-బే. బజారులో చేపల దుకాణం నడిపే తక్ ఒకప్పుడు ఆయన దగ్గరే భౌతికశాస్త్రం చదివి, అందులోనే తప్పినవాడు.

"చలికి బిగిసింది."

"విల్లా, మీరా?"

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ప్యో కూడా నవ్వి, గుడ్డ సంచిలో విల్లు పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఆ విలువిద్యా మైదానంలో మనిషికి గుర్తు అతని విల్లు బిగువే. ఎన్ని పౌండ్ల బరువు వేస్తే విల్లు నిండుగా వంగుతుందో, ఆ అంకెను విల్లు చేసినవాడే పిడి పక్కన సిరాతో రాస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా ప్యో అంకె నలభై అయిదు. వేసవి చివరిదాకా ఆ బిగువునే ఆయన రోజుకు పాతిక బాణాలు వేశాడు. వానల్లో పాత విల్లు జిగురు వదిలింది. ఆ విల్లు చేసిన మిత్రుడు మేంగ్ దొక్-సు అప్పటికే మంచాన ఉన్నాడు, కొద్దిరోజులకే పోయాడు. గత్యంతరం లేక పక్క జిల్లాలోని కుర్ర పనివాడికి కబురు పంపాడు ప్యో: నాకెప్పుడూ నలభై అయిదే.

రెండు నెలల్లో చేతిబలం ఇంతగా ఉడిగిపోతే వచ్చే వసంతానికి ఇక మిగిలేదేమిటి? విల్లు లాగలేనివాడికి మైదానంలో బల్ల మీద చోటుంటుంది, వరుసలో ఉండదు. డెబ్భై మూడేళ్ళ ప్యోకు ఆ మైదానం తప్ప తనను పలకరించే మనుషులున్న చోటు మరొకటి లేదు.

ఇల్లు చేరాక ఆయన చూరు కింద నిలబడ్డాడు. భార్య ఉన్ననాడు పన్నెండు కొక్కాలకూ ఎండబెట్టే పెర్సిమన్ పండ్ల దండలు వేలాడేవి. ఒంటిమనిషికి రెండు దండలు చాలు. ఖాళీ కొక్కెం ఒకదానికి కొత్త విల్లును పిడి దగ్గర కట్టి, నారికి సంచి తగిలించి, వంటింటి కాటా మీద తూచిన బియ్యాన్ని డబ్బాతో పోయసాగాడు. పక్కన బాణం పొడవుకు గుర్తు పెట్టిన వెదురుకర్ర. ఇరవై కిలోలు దాటి మరో పిడికెడు పడ్డాక నారి గుర్తు దాకా దిగింది. ఇరవై కిలోలంటే దాదాపు నలభై అయిదు పౌండ్లు. పనివాడు నిజమే రాశాడు. తప్పు చేతిదే.

ఆయన విల్లు విప్పబోయి ఆగాడు. ముప్ఫై నాలుగేళ్ళు నల్లబల్ల మీద ఒకే సూత్రం రాసి, ఒకే మాట చెప్పినవాడు ఆయన: "లాగే బలం మన చేతిలో ఉంది. సాగే పొడవు కంటికి కనబడుతుంది. ఈ రెంటికీ నడుమ నిలిచే గుణకం మాత్రం ఆ వస్తువు సొంతం. దాన్ని ఒకరినడిగి తెలుసుకోవద్దు, తూచి తెలుసుకోండి." కొత్త విల్లును తూచాడు సరే. మేంగ్ విళ్ళను ఒక్కనాడైనా తూచాడా? మిత్రుడి చేతిరాతను తూచాలని ఆయనకెన్నడూ తోచలేదు.

వెచ్చని అలమారలో, జిగురు వదిలినది కాక, అంతకుముందు వాడివాడి పక్కన పెట్టిన మేంగ్ విళ్ళు నాలుగున్నాయి. అన్నిటి మీదా నలభై అయిదే. అన్నిటికంటె పాతదానితో మొదలుపెట్టి ఒక్కొక్కదాన్నే నిప్పుసెగకు కాచి, నారి ఎక్కించి, చూరుకు కట్టాడు. మొదటిది ఇరవై కిలోలు అడిగింది. రెండవది పద్దెనిమిదిన్నరకే దిగింది. మూడవది పదిహేడు. నాలుగవది పదిహేనున్నర.

ఆయన గచ్చు మీద చతికిలబడి, గళ్ళకాగితం పరిచి, అంగుళానికెంత బియ్యమో చుక్కలు పెట్టి గీతలు కలిపాడు. గేదెకొమ్ము అతికి చేసిన విల్లు ఇనుపస్ప్రింగు వంటిది కాదు, గీత తిన్నగా పోదు, కొంచెం వంగుతుంది. అయినా నాలుగు గీతలూ ఒకే చోట పుట్టి, ఒకదాని కింద ఒకటి విసనకర్ర పుల్లల్లా వాలుతూ పోయాయి. కొమ్ము ముసలిదై మెత్తబడిందా? అలాగైతే అన్నిటికంటె పాతది అన్నిటికంటె మెత్తన కావాలి. ఇక్కడ పాతదే గట్టిది. విళ్ళు ముసలివి కాలేదు.

ఆయన వెళ్ళేసరికి మేంగ్ భార్య వాకిట్లో వెల్లుల్లి ఒలుస్తోంది. ముందురోజే భర్త నలభై తొమ్మిదవ రోజు కర్మ గుడిలో జరిగింది.

"రండి మాస్టారూ. నిన్న గుడిలో మీరు అన్నం ముట్టలేదు. నేను చూడలేదనుకున్నారా?"

"వదినా, అన్న విళ్ళ మీద అంకె తూచి రాసేవాడా?"

ఆమె వెల్లుల్లి పక్కన పెట్టింది. "ఎన్ని తూచారు?"

"నాలుగూ."

"మీరు తూచరని ఆయన పందెం కాసేవారు. పదిహేనేళ్ళు గెలిచారు." ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది. "ఏటా వసంతంలో ఆ బల్ల మీద కూర్చుని మీ మోచెయ్యే చూసేవారు. ఇంటికొచ్చి, చేసే విల్లు కొమ్మును మరికాస్త పలచగా గీకేవారు. ఈయనది లెక్కల బుర్ర, అంకె తగ్గితే మనిషే తగ్గిపోతాడు అనేవారు."

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే మానేసేవారు మీరు. మీరు మానేస్తే ఆయన పొద్దున్నే ఎవరితో వెళ్తారు?"

ఆమె పనిగది తలుపు తీసింది. కర్మ కాకముందు తీయకూడదని అన్నాళ్ళూ మూసే ఉంచింది. చేపజిగురు వాసన గుప్పున వచ్చింది. లోపల గోడకు నారి ఎక్కించని విల్లొకటి వలయంలా చుట్టుకుని ఉంది.

"మీదే. వానలకు ముందే ముగించారు. ఆకులు రాలేవేళ ఇమ్మన్నారు."

పిడి పక్కన సిరా మెరుస్తోంది: నలభై అయిదు.

ఆ సాయంత్రం చూరు కింద ఆ విల్లు పద్నాలుగు కిలోలకు దిగింది. గళ్ళకాగితం మీద అయిదవ గీత అన్నిటికీ అడుగున చేరింది. ఎదుట ఉన్నవి విళ్ళ గుణకాలు కావని, తన చేతి గుణకాలని ఆయనకు తెలిసింది. రెండు నెలల్లో ఊడిపడిందేమీ లేదు. పద్దెనిమిదేళ్ళుగా కొద్దికొద్దిగా పోతున్న బలాన్ని ఒక్క మనిషి పక్కనుండి కొలుస్తూ వచ్చాడు. మరొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. కొత్త విల్లు ఇచ్చినప్పుడల్లా మేంగ్ అనేవాడు: "మాస్టారూ, ఎడమచెయ్యి చిక్కుడుగింజంత పైకెత్తు. ఏటివైపు గాలి మారింది." గాలి ఎన్నడూ మారలేదన్నమాట, మెత్తబడిన విల్లుకే గురి ఎత్తవలసి వచ్చింది. ఈ విల్లుకు ఎన్ని గింజలెత్తాలో చెప్పకుండానే ఆ మనిషి వెళ్ళిపోయాడు.

మర్నాడు మైదానంలో తక్ ఒక్కడే ఉన్నాడు. ప్యో చేతిలోని విల్లు చూసి లేచి వచ్చాడు.

"మేంగ్ తాతగారి పనితనమే. ఎంత?"

"ముప్ఫై ఒకటి."

తక్ విల్లు తిప్పి చూశాడు. "నలభై అయిదని రాసుంది కదండీ. లెక్క నేను తప్పానంటే అర్థముంది."

"రాసినవాడికి తెలుసు."

"ఇంకెవరికి తెలుసు?"

"ఇప్పుడు నీకు."

తక్ విల్లు రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఇంతలో ఫోను మోగింది. చేపల లారీ వచ్చినట్టుంది, మాట్లాడుతూ గోడ అవతలికి నడిచాడు.

ప్యో గీత దగ్గర నిలబడ్డాడు. నూట నలభై అయిదు మీటర్ల అవతల లక్ష్యపు పలక తెల్లగా ఉంది. తొలిబాణానికి ముందు ప్రతివాడూ అనవలసిన మాటను ఆయన అన్నాడు: "విల్లు నేర్చుకుంటున్నాను." బల్ల మీదివాళ్ళు "చాలా కొట్టండి" అని బదులివ్వాలి. అందరికంటె ముందు, అందరికంటె గట్టిగా వినవచ్చేది మేంగ్ గొంతు. బల్ల ఖాళీగా ఉంది. ఆ బదులుకు పట్టేంత సేపు ఆయన నిలిచి, తరువాత నారి లాగాడు. మోచెయ్యి వణకలేదు. నారి భుజం దాకా వచ్చింది.

బాణం పలకకు పది అడుగుల ఇవతల మట్టిలో దిగింది.

ఆయన ఎడమచేతిని చిక్కుడుగింజంత ఎత్తాడు. రెండవది నాలుగడుగుల ఇవతల పడింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని అలవాటుగా ఒక్క క్షణం చెవి ఒగ్గి, మూడవ బాణం నారికి సంధించి, ఆయన చేతిని మరొక గింజంత పైకెత్తాడు.