శంకర్ నగర్ రింకు

శంకర్ నగర్‌లో స్కేటింగ్ రింకు కట్టిన ఏడాదే, అంటే 1981లో, బతుకుతెరువుకి ఆ హిందీవాళ్ల ఊరొచ్చిన నూకరాజు అందులో ఫిట్టరుగా చేరాడు. చక్రాల బేరింగులు కడిగి నూనె వెయ్యడం, పిల్లల కాళ్లకి పట్టీలు బిగించడం అతని పని. రింకు నేలని మాత్రం ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మోకాళ్ల మీద కూచుని అద్దంలా మెరిసేదాకా తనే రుద్దేవాడు.

పన్నెండేళ్లలో రింకు రెండుసార్లు చేతులు మారింది. కట్టించిన కలప వ్యాపారి పోగానే కొడుకులు ఒక సినిమాహాలు యజమానికి అమ్మేశారు. ఆయన ఊరి చివర టాటీబంధ్‌లో లారీలు నడిపే సేఠ్‌కి అమ్మాడు. రెండుసార్లూ బోర్డు మీద పేరు మారిందే తప్ప నూకరాజు పని మారలేదు. అందుకే సేఠ్ కూడా అమ్ముతున్నాడని విన్నప్పుడు అతను పెద్దగా పట్టించుకోలేదు.

మోవా నుంచి రోజూ సైకిలు మీద వచ్చే పదిహేనేళ్ల ఊర్మిళ అసలు సంగతి మోసుకొచ్చింది. వచ్చే నెల భోపాల్‌లో జరిగే రాష్ట్రపోటీలకి ఎంపికైన పిల్ల.

"మామా, దీన్ని గోడౌన్ చేసేస్తారంట. మరి నేనెక్కడ ప్రాక్టీసు చెయ్యాలి?"

మర్నాడు పొద్దున్నే నూకరాజు టాటీబంధ్ వెళ్లాడు. సేఠ్ కూచోబెట్టి చాయ్ ఇప్పించాడు. "నిన్ననే సంతకాలైపోయాయి రాజూ, నా చేతుల్లో ఏం లేదు. కొన్న నాగపూర్ కంపెనీవాళ్లని అడుగు," అన్నాడు హిందీలో.

నాగపూర్‌కి మూడుసార్లు ఫోను చేశాడు. మూడుసార్లూ ఒకటే మాట, సాబ్ బొంబాయిలో ఉన్నారని. కాళ్లు పట్టుకుందామన్నా ఎదురుగా మనిషి లేడు.

"నువ్వేటి సేత్తావు? ఊరుకో," అంది భార్య పైడమ్మ.

శుక్రవారం కంపెనీ ఇంజనీరు వచ్చాడు. సరుకు పెట్టే ఇనప రాకులు బిగించడానికి నేలకి కన్నాలు వెయ్యాలన్నాడు. కూలీలు డ్రిల్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టబోతుంటే నూకరాజు చూడలేకపోయాడు.

"అక్కడొద్దు! కింద నీళ్ల పైపుంది, అది పగిలితే నేలంతా పాడైపోద్ది!"

సుద్దముక్క అందుకుని, వంగి, గుర్తులు తనే పెట్టాడు. ఇంజనీరు ముచ్చటపడి, గోడౌన్ కాపలాకి చౌకీదారుగా ఉండిపొమ్మన్నాడు. నూకరాజు తల ఊపాడు.

మొదటి కన్నం పడుతుండగా గేటు దగ్గర ఊర్మిళ కనిపించింది. లోపలికి రాలేదు.

"మామా, రేపట్నించి రావద్దా?"

ఇన్నాళ్లూ ఏ యజమానీ అనని మాట అతనే అనాల్సొచ్చింది.

"రావద్దమ్మా."

ఆ ఏడు ఊర్మిళ భోపాల్ వెళ్లలేదు.