చెవి కింద బొటనవేలి నొక్కు

నన్ను చేసిన ఇల్లాలు తన జాతి పేరు ఏమని చెప్పుకునేది? ఇంతమంది పండితులలో ఒక్కరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. తెలియదని ఒప్పుకున్నవారూ లేరు.

నేను ఒక మట్టి కాగును. మూడు వేల ఏళ్ళకు పూర్వం, బైబిలులో చెప్పిన కనాను దేశపు కొండల మీద పుట్టాను. ఆ ఇల్లాలు నా మెడ చుట్టూ పట్టీ వేసి, పట్టుకోవడానికి చెవి అతికించి, అది ఊడకుండా దాని కింది మొదట బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఆ నొక్కు ఆరి, కాలి, ఆమె వేలి గీతలతో సహా నిలిచిపోయింది. ఆ ఇంట్లో వాన గురించి, మేకల గురించి, ఆడపడుచు నోటి దురుసు గురించి విన్నాను. తాము ఫలానా జాతివారమన్న మాట ఒక్కనాడూ వినలేదు.

ఇల్లు కూలింది. మట్టిలో పడి ఉన్న నన్ను ఎవరో తవ్వి తీశారు. ఒక దొర ఓడలో గుంటూరు సీమకు తెచ్చి, పాదిరీలను తయారుచేసే ఒక క్రైస్తవ వేదాంత కళాశాల ప్రదర్శనశాలకు ఇచ్చాడు. నా అసలు అవస్థ అక్కడ మొదలైంది.

పాత నిబంధన బోధించే జ్ఞానప్రకాశం అయ్యగారు సరిగ్గా ఆ నొక్కు మీదనే ‘ఇశ్రాయేలీయుల కాగు’ అన్న అట్టను బంకతో అంటించారు. ఒకప్పుడు ఆయన శిష్యురాలు, ఇప్పుడు అక్కడే చరిత్ర చెబుతున్న ఎస్తేరురాణి, ఇటువంటి కాగులు కనానీయులుండే పల్లపు ఊళ్ళలోనూ దొరికాయంటూ దానిని చాకుతో గీకి, ‘కనానీయుల కాగు’ అని అంటించింది.

“ఈ కాగు దొరికిన ఊళ్ళో పంది ఎముక ఒక్కటన్నా దొరికిందా అమ్మాయ్? పంది ముట్టనివాళ్ళు ఇశ్రాయేలీయులు కాక ఇంకెవరంటావు?” అన్నారాయన.

“మా అత్తగారూ పంది ముట్టదండీ అయ్యగారూ. ఆవిణ్ణీ ఇశ్రాయేలు గోత్రంలో కలిపేద్దామా?”

ఆయన మళ్ళీ గీకారు. ఎస్తేరురాణి మళ్ళీ గీకింది. నన్ను చేసినవారెవరని ఇద్దరూ గ్రంథాలు రాశారు. చేసిన చేతి గుర్తును మాత్రం ఇద్దరూ కలిసి అరగదీశారు.

ఈ ఉదయం వారికి రాజీ కుదిరింది. ‘ఆది ఇశ్రాయేలీయుల కాగు’ అట, అంటే ఇశ్రాయేలీయులు కాబోతున్న కనానీయులదట. బతికున్న ఏ మనిషీ తనకు పెట్టుకోని పేరు! అట్ట ఈసారి పెద్దది.

“ఈ గుంట అడ్డమొస్తందండీ. అట్ట కూర్చోట్లా,” అంది ఎస్తేరురాణి.

“అంతా చదునుగా గీకెయ్యమ్మా,” అన్నారు అయ్యగారు.

ఎస్తేరురాణి చాకు తీసింది. ప్రదర్శన చూడవచ్చి నా ఎదుట నిలబడ్డ మీరు ఇదంతా వింటూనే ఉన్నారు. ఆ ఇల్లాలు తన గురించి మిగిల్చి వెళ్ళినది ఈ నొక్కు ఒక్కటే. ముందు వెళ్ళి ఆ చాకు లాక్కోండి. మీ అభిప్రాయం తరువాత చెప్పవచ్చు.