పోతయ్య ఒక్కసారి చెప్పిన నిజం

గోరికి పిల్లలు లేరు. కాళి ఉంది. కాళి అంటే బర్రె. పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే పాలసీసా పట్టి పెంచింది. ఇప్పుడది తొలిచూలు. దీపావళి లోపే ఈనుతుందని తండాలోని ముసలమ్మలంతా పొదుగు చూసి తీర్పు చెప్పేశారు. జున్ను ఎవరెవరికి పంచాలో కూడా గోరి అనుకుని పెట్టుకుంది. "బర్రెకున్న మర్యాద ఈ ఇంట్ల నాకు లేదు" అని మొగుడు రాందాస్ గొణిగేవాడు. ఉన్నమాటే అన్నాడు పాపం.

ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో వాళ్ళ తండా. తండా కింద పత్తిచేలు, చేల కింద దుప్పుల చెరువు. చెరువు అభయారణ్యంలోది. పశువులను తోలితే జరిమానా అని గట్టు మీద బోర్డు పెట్టారు. బర్రెకు చదువు రాదు కదా. ఎండ ముదిరితే అది నీళ్ళలో పడుకోవాలి. అందుకే అటవీశాఖ వాచర్ పోతయ్య కళ్ళుగప్పి గోరి దాన్ని తోలుకుపోయేది.

పోతయ్య కర్ర పట్టుకుని తరిమేవాడు. కర్రకు లొంగకపోతే కథలు చెప్పేవాడు. ఒక ఏడు చెరువులో మొసలి దిగిందన్నాడు. మరో ఏడు గట్టు కింద చిరుత పిల్లల్ని పెట్టిందన్నాడు. మొసలీ లేదు, చిరుతా లేదు. జంగ్లాతోళ్ళ, అంటే అడవి శాఖోళ్ళ, మాట నీటి మీద రాత అని తండా అంతా నవ్వుకుంది.

ఈ ఏడు వానలు పగబట్టినట్టు కొట్టాయి. గోరి పత్తి మొదళ్ళలో పిడికెడు పిడికెడు యూరియా వేసింది. వాన కడిగేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ వాన. "పోతే పోయింది, ఇంకోపారి వెయ్" అన్నాడు రాందాస్. పోయింది సరే, ఎటు పోయిందని ఆమె అడగలేదు. తండాలో ఎవరూ అడగలేదు. అందరి చేల నీళ్ళూ ఒకే వాగులో పడతాయి, ఆ వాగు చెరువులో కలుస్తుంది.

తర్వాత వానలు తెరిపిచ్చాయి. గాలి ఆడక, ఎండ మండిపోతున్న రోజుల్లో పోతయ్య కర్ర లేకుండా తండాకే వచ్చాడు.

"గోరీ, కాళిని చెరువుకు తోలకు. నీళ్ళు విషమైనయ్. చేన్ల ఎరువంత దిగి పాచి పట్టిందని సార్లు చెప్పిండ్రు. ఒడ్డుకే రెండు దుప్పులు పడి సచ్చినయ్."

"మొసలైంది, చిరుతైంది, ఇప్పుడు విషమా అన్నా? వచ్చే ఏడు దయ్యమంటవేమో!"

"అవ్, అప్పుడు అబద్ధమాడిన. ఇది నిజం. నీ కాళ్ళు మొక్కుత."

నిజంగానే వంగాడు. గోరికి మరింత నవ్వొచ్చింది. ఈసారి నటన బాగా నేర్చుకొచ్చాడనుకుంది.

మధ్యాహ్నం వేరే బాటన కాళిని తోలుకుపోయింది. ఒడ్డున నీళ్ళ మీద పచ్చగా మీగడ కట్టింది. గడ్డి నూరి కలిపినట్టుంది, చూలుదానికి బలమేలే అనుకుంది గోరి. కాళి మూతితో ఆ పచ్చదనాన్ని పక్కకు నెట్టి కడుపారా తాగింది.

తిరిగొస్తుంటే చేను గట్టు మీద దాని కాళ్ళు వణికాయి. నోట్లోంచి సొంగ కారింది. కూలబడింది, మళ్ళీ లేవలేదు. బండి మీద పరుగున వచ్చిన పశువుల డాక్టరు సూది వేశాడు, చెవులు పట్టి చూశాడు, తల దించుకున్నాడు. కాళి ఊపిరి ఆగిపోయింది. గోరి దాని కడుపు మీద చెయ్యి వేసి ఉంచింది. లోపల దూడ ఇంకా తన్నుతోంది. కోసి తియ్యమని డాక్టరును బతిమాలింది. నెలలు నిండలేదమ్మా, బతకదు అన్నాడాయన. కాసేపు తన్నింది. తర్వాత చేతికి ఏమీ తగల్లేదు.

పోతయ్య పరిగెత్తుకొచ్చాడు. చెప్పానా అని అనలేదు. కాళి తల దగ్గర కూలబడి, "నా పాత అబద్ధాలే దీన్ని మింగినయ్ తల్లీ" అని ఏడ్చాడు. కాళి మూతికి ఇంకా పచ్చగా పాచి అంటుకుని ఉంది. గోరి దాన్ని కొంగుతో తుడుస్తూ పోయింది. ఎంత తుడిచినా వదల్లేదు. ఆ చెయ్యే కదా యూరియా చల్లింది. ఆ సంగతి తలకెక్కగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

పొద్దు వాలుతుంటే జనం పలుగులూ పారలూ తెచ్చారు. రాందాస్ కళ్ళు తుడుచుకుని పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. అతనికి తెలిసిన ఓదార్పు ఒక్కటే.

"ఊకో గోరీ. యాడికో ఎందుకు, మన చేన్లనే పాతుదం. మంచి ఎరువైతది. మన కాళి మన పత్తిలనే ఉంటది."

గోరి దిగ్గున లేచింది. చేను మీద పడి దొర్లుతూ, తండా అంతా వినేటట్టు మొత్తుకుంది.

"వద్దయ్యో! ఇంక ఎరువొద్దు! ఈ చేన్ల ఇంకేం ఎయ్యకుండ్రయ్యో!"

పార పట్టిన వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.