విలువ లేని గౌను

పోయినవాళ్ల బట్టలతో బొమ్మలు కుట్టడం ఆమె పని. తాత చొక్కా ఏనుగవుతుంది, అమ్మమ్మ శాలువా కుందేలవుతుంది. చుట్టుపక్కల వీధులవాళ్ల కోసం మొదలుపెట్టిన ఈ పనిని సముద్రాలు దాటించింది ఆమె మరిది. వెబ్‌సైటు తెరిచి, "ఇక ప్రపంచమంతా మన గుమ్మంలోనే వదినా" అని అరచేతిలో వైకుంఠం చూపించాడు. ప్రపంచానికి గుమ్మాలు బోలెడని, ప్రతి గుమ్మానికీ ఓ కాపలా ఉంటుందని అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు.

ఒక్క సలహా మాత్రం ఆమె సొంత బుర్రలోంచి పుట్టింది. మొదట్లో ఎవరో తమ తండ్రి కోటు పంపుతూ పార్సిల్ మీద పెద్ద ధర వేస్తే, ఇక్కడి కస్టమ్స్‌వాళ్లు దానికి పన్ను కట్టమన్నారు. పోయినవాడి కోటుకి పన్నేమిటని ఆమెకి ఒళ్లు మండింది. వెంటనే సైట్లో పెట్టించింది: "పార్సిల్ మీద 'పాత బట్ట, విలువ లేదు' అని రాయండి." అందరూ అలాగే రాశారు. పార్సిళ్లు చక్కగా వచ్చాయి. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా.

ఈసారి రావాల్సింది పసుపుపచ్చ గౌను. వేరే దేశంలో ఉన్న ఒక తల్లి పంపింది. భాష వేరు, ఫోనే తెలుగు చేసిపెడుతుంది. కూతురు జ్వరంతో పోయింది. దుఃఖం పట్టలేక మిగతా బట్టలన్నీ ఎవరికో ఇచ్చేసిందట, ఇదొక్కటే మిగిలింది. "దయచేసి ఉతకకండి, మెడ దగ్గర ఇంకా పాప వాసన ఉంది" అని రాసింది. ఆ గౌను కోసం ఆమె కుట్టుబల్ల సర్దింది. రంగు కలిసే దారం ముందే కొనిపెట్టింది.

గౌను రాలేదు. కస్టమ్స్‌లో ఆగిందని మరిది ఫోన్లో చూసి చెప్పాడు. ఇద్దరూ పార్సిళ్లు విడిపించే ఏజెంటు దగ్గరికి పరుగెత్తారు. ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని కంప్యూటర్లో వెతికాడు.

"రూలు మారిందమ్మా. వాడిన బట్టలు బయటి దేశంనుంచి రావాలంటే క్రిములు లేవని అక్కడివాళ్ల సర్టిఫికెట్ ఉండాలి. ఇది ఉతికినది కూడా కాదని ఇక్కడ రాశారు."

"చంటిపిల్ల గౌనండీ, ఒక్కటే."

"గౌనైనా గుడారమైనా రూలొకటే."

"పోనీ, వెనక్కి పంపించెయ్యమనండి. ఖర్చు నాది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "విలువున్న సరుకైతే నోటీసిస్తారు, గడువిస్తారు, అప్పీలు చేసుకోవచ్చు. విలువ లేదని పంపినవాళ్లే రాస్తే ఇంక ఎవరిని అడుగుతారు? చెత్తతో కలిపి కాల్చేశారు. అసలు అలా రాయమని ఏ తెలివైనవాడు చెప్పాడమ్మా?"

మరిది తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ వాక్యాన్ని సైట్లోంచి తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. "దారిలో ఇంకా పార్సిళ్లున్నాయి వదినా. అన్నిటిమీదా అదే మాట." తర్వాత నసిగాడు. "అలాంటి గుడ్డే కొని కుట్టేద్దామా? ఆవిడకేం తెలుస్తుంది?"

"వాసన ఎక్కడ కొనుక్కొస్తావురా?" అంది ఆమె. ఏడుపొచ్చేసింది.

జరిగింది జరిగినట్టు రాసి పంపింది. తిట్టమని కూడా రాసింది. ఆ తల్లి తిట్టినా బాగుండేది. జవాబు ఫోన్లో తెలుగులోకి మారి వచ్చింది.

"విలువ లేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీకు ఇవన్నీ తెలుసు కదా అనుకుని, చివరికి రాశాను."