సగం ధర పెళ్ళాం

బ్రెట్ మా అమ్మాయి ఇంట్లో చేరిన రోజే అన్నాను, వీడు జలగ అని. అది తప్పు మాట. జలగ కడుపు నిండితే రాలిపోతుంది. వీడు రాలే రకం కాదు.

చక్కెర మిల్లులో ఫిట్టరు వాడు. ఊళ్ళో సగంమంది కంటే మంచి జీతం. జీతం పెద్దదే గానీ ఎంగిలి చేత్తో కాకిని తోలడు. ఇంటివాళ్ళు అద్దె పెంచారని అలిగి, మిల్లులో చెరకు క్రషింగ్ మొదలైన వారంలోనే ఒక పరుపు, రెండు గాలాలు, వెనక ట్రైలరు మీద పడవతో లొరీనా వాకిట్లో దిగాడు. పడవ కొనుక్కున్నవాడికి తల దాచుకునే చోటు లేకపోవడమేమిటని అడిగాను.

"పోనీ పడవలో పడుకోమంటావా అత్తా?" అని ఇకిలించాడు.

అత్తట! పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు, వరస మాత్రం కలిపేశాడు.

లొరీనా నాకు ఒక్కతే కూతురు. దాని మొదటివాడు, వాళ్ళ కూతురు టిల్లీ పుట్టిన ఏడాదికే ఇనుప గనుల్లో పని దొరికిందని పడమటి తీరానికి పోయి మళ్ళీ మొహం చూపించలేదు. అప్పటినుంచీ బడి క్యాంటీన్లో పూట పనితోనూ, ఒంటరి తల్లులకు సర్కారు ఇచ్చే భత్యంతోనూ ఇల్లు నెట్టుకొస్తోంది. ఆ భత్యానికి ఒక షరతుంది. ఇంట్లో మొగుడిలాంటి మనిషి ఉండకూడదు. ఉంటే వాడి జీతం కూడా ఆమె చేతికొచ్చినట్టే లెక్క, భత్యం ఆగిపోతుంది. వాడు చిల్లిగవ్వ ఇవ్వకపోయినా ఆ లెక్క మారదు. ఆ షరతు రాసిన మహానుభావుడెవరో గానీ బ్రెట్ లాంటివాణ్ణి ఎన్నడూ చూసి ఉండడు.

అందుకని ఇద్దరూ కూర్చుని ఉపాయం పన్నారు. బ్రెట్ మొగుడు కాదు, అద్దెకున్నవాడు. మా ఊళ్ళో పాత ఇళ్ళన్నీ కొయ్య స్తంభాల మీదే ఉంటాయి. కింద ఖాళీలో కార్లు పెట్టుకుంటాం, వానల్లో బట్టలారేసుకుంటాం. అక్కడ ఒక మూల తడిక కట్టి వాడి పరుపు వేశారు. పక్కన చిన్న ఫ్రిజ్, దాని మీద వాడి పేరు. చీకటి పడితే ఆ పరుపు మీద కుక్క పడుకునేది. వాడు మెట్లెక్కి పైకి పోయేవాడు.

ఒకరోజు ఆరేసిన దుప్పట్ల మీద చెరకు తోటలు తగలబెట్టిన మసి రాలుతుంటే ఇద్దరం గబగబా తీస్తున్నాం. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ భత్యం ఆఫీసుకి పోయి నిజం చెప్పెయ్యవే. పెళ్ళాంలా వాడుకుంటున్నాడుగా, మొగుడిలా పెట్టమను."

"పెడతాడా? వాడి సంగతి నీకు తెలీదూ?"

"తెలిసి తెలిసి ఎందుకే మరి, ఈ దరిద్రం?"

"నవ్విస్తాడమ్మా. టిల్లీకి ఈత నేర్పాడు. సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉంటుంది. నాకు ఆ మాత్రం ఉండకూడదా?" అంది. తర్వాత దుప్పటి మడత పెడుతూ, నా మొహం చూడకుండా అంది. "ఆ భత్యం ఒక్కటే నాది. అది పోతే ప్రతిదానికీ వాడి ముందు చెయ్యి చాపాలి. నా బడి బూట్ల డబ్బుకోసం నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడేదానివి, నాన్న పేపరు మడిచేదాకా. నేనట్లా నిలబడను."

చెంప మీద కొట్టినట్టయింది. అబద్ధమైతే నాలుగు తిట్టి ఉందును. నిజం కాబట్టి దుప్పట్లు మోసుకుంటూ మెట్లెక్కాను.

ఉపాయం బాగానే పారింది, కానీ లాభం మాత్రం బ్రెట్ గాడికే. వాషింగ్ మెషీన్ చెడిపోయింది. మిల్లులో ఇంతింత రోలర్లు విప్పి బిగించేవాడు, దాని మూత కూడా ఎత్తి చూడలేదు. "అద్దెకున్నవాణ్ణి, ఇంటి రిపేర్లు నాకెందుకు?" అన్నాడు. టిల్లీకి జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే అదే పాట, అద్దెకున్నవాణ్ణి. భోజనాల దగ్గర మాత్రం ఇంటి యజమాని. మాంసం వండినా, చేప వేయించినా పెద్ద ముక్క వాడి కంచంలోనే పడాలి. చివరికి టిల్లీ కూడా "ఇది బ్రెట్‌ది" అని పక్కకి తీసిపెట్టడం నేర్చుకుంది. ఆ పిల్ల అలా తీసి పెడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇలా ఉండగా ఆఫీసు నుంచి లొరీనాకి ఫోనొచ్చింది, ఇల్లు చూడ్డానికి మనిషి వస్తోందని. బ్రెట్ తిన్నగా నా మీదికే వచ్చాడు.

"ఉప్పందించింది నువ్వే కదూ ముసలీ? మొదట్నుంచీ నీకు నా మీద ఏడుపే."

మా ఊళ్ళో పక్కవాడి పెళ్ళాన్ని లేపుకుపోయినవాణ్ణి కూడా నాలుగేళ్ళకి క్షమించి మళ్ళీ చేపలవేటకు పిలుస్తారు. సర్కారుకి ఉప్పందించినవాణ్ణి మాత్రం చచ్చాక శవాన్ని కూడా మొయ్యరు. అలాంటి మాట నన్నంటాడా!

"నిన్ను చంపి జైలుకైనా పోతాను గానీ ఉప్పందించను రా," అన్నాను. "నాకంత నీచపు బుద్ధి లేదు."

వాడి మాట అటుంచండి. లొరీనా కూడా నా వైపు అనుమానంగా చూసింది. ఆ చూపు నాకు ఇంకా మింగుడుపడదు.

ఆఫీసు నుంచి వచ్చినావిడ పేరు గ్లెనిస్. బొద్దుగా, చెమటలు కక్కుతూ వచ్చింది. కింద తడికా, పరుపూ, పేరు రాసిన ఫ్రిజ్జూ చూసి, పరుపు మీద కుక్క వెంట్రుకలు కూడా చూసి, పైకొచ్చి కూర్చుంది. బ్రెట్ దువ్వుకున్న తలతో తయారుగా ఉన్నాడు. నన్ను చూపించి "ఈవిడ ఇంటావిడ వాళ్ళమ్మగారండీ" అన్నాడు. అత్త అనే మాట అటకెక్కింది.

"మీకూ లొరీనాకీ సంబంధం ఏమిటి?" అని గ్లెనిస్ అడిగింది.

"ఆవిడ ఇంటి ఓనరు, నేను అద్దెకున్నవాణ్ణి. అంతే."

"బౌలింగ్ క్లబ్బులో మాత్రం మొగుడూ పెళ్ళాలమని రాశారేం?"

ఊళ్ళోవాళ్ళు పచ్చికలో బంతులు దొర్లించడానికీ, భోజనానికీ చేరే ఆ క్లబ్బులో జంట సభ్యత్వం తీసుకుంటే గురువారాలు రెండో ప్లేటు ష్నిట్జెల్ సగం ధరకే వస్తుంది. బ్రెడ్డుపొడి పట్టించి వేయించిన కోడిమాంసం అది. సగం ధర అనగానే బ్రెట్ గాడు ఇద్దరి పేర్లూ దంపతులుగా రాసి లొరీనా చేత సంతకం పెట్టించాడు. మా క్లబ్బు ఆనవాయితీ ఏమిటంటే, కొత్తగా చేరేవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెడతారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. ఊరంతా చదవాల్సిందే. మేం నలుగురం వారం వారం దాని కిందే కూర్చుని తిన్నాం, ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

"ఎవరు చెప్పారు మీకు?" అని బ్రెట్ నావైపు కళ్ళెర్రజేశాడు.

"ఎవరో చెప్పడమెందుకు? గురువారాలు నేనూ అక్కడే తింటాను," అంది గ్లెనిస్. "ప్లేటు వచ్చేదాకా చదవడానికి ఆ బోర్డు తప్ప ఇంకేముంది?"

లొరీనా నన్ను చూసి తల దించుకుంది. నేను మొహం తిప్పుకున్నాను. అంత తొందరగా క్షమిస్తానా?

బ్రెట్ తడబడలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారే, వీడు ఏరు మధ్యలోనే ఓడని ముంచాడు. కాళ్ళు బార్లా చాపుకుని నవ్వాడు.

"అది ష్నిట్జెల్ కోసమండీ. ఆమెని పెళ్ళామంటే నా ప్లేటు చవగ్గా వస్తుంది. అంతకంటే ఏముంటుంది? ఒక పిల్లతల్లి, పూట పని. మీరే చూడండి, నిజంగా చేసుకోవాలంటే నాకు ఈమే దొరికిందా?"

గ్లెనిస్ వాడి మీంచి చూపు తిప్పి మెల్లగా అడిగింది. "లొరీనా, నువ్వు చెప్పు. ఆయన అద్దెకున్నవాడేనా?"

అవునంటే భత్యం మిగులుతుంది, వీడూ మిగులుతాడు. కాదంటే భత్యం పోతుంది, ఇన్నాళ్ళూ తీసుకున్నది తిరిగి కట్టాలి. అవునను తల్లీ అని నోటిదాకా వచ్చింది. వాడి సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను.

"కాదండీ," అంది లొరీనా. "క్రషింగ్ మొదలైనప్పట్నుంచీ మొగుడిలాగే ఉన్నాడు. కింద పడుకునేది కుక్క. రాసుకోండి. కట్టాల్సింది కడతాను."

"నీకు పిచ్చా?" అని బ్రెట్ లేచాడు. "నేను కాపాడుతుంటే..."

"ఇవాళ్టినుంచి లేడు. అదీ రాసుకోండి."

"లేడని నేనెట్లా నమ్మను?" అంది గ్లెనిస్.

"రండి, చూద్దురుగాని."

లొరీనా దడదడా మెట్లు దిగింది. వెనకే నేను. మోకాళ్ళ నొప్పులు గుర్తే రాలేదు. ట్రైలరు కింద అడ్డంపెట్టిన ఇటికలు తన్నేసి, తల్లీకూతుళ్ళం పడవని రోడ్డుమీదికి నెట్టాం. పరుపు, గాలాలు అందులో పడేశాం. ఫ్రిజ్ నేనే ఎత్తబోతే లొరీనా వద్దంది, నడుం పట్టేస్తుందని. ఇద్దరం కలిసి ఎత్తాం.

"పోలీసుల్ని పిలుస్తా! అద్దెకున్నవాణ్ణి గడువివ్వకుండా వెళ్ళగొట్టే హక్కు లేదు మీకు!" అని అరిచాడు బ్రెట్.

"ఏ అద్దె రా? ఒక్కనాడు ఇచ్చావా?" అన్నాను. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవా!"

గ్లెనిస్ గేటు దగ్గర నిలబడి అంతా చూసింది. వెళ్ళేముందు లొరీనాతో "చాలానే కట్టాల్సొస్తుందమ్మా. ఈ లెక్క తేలేదాకా భత్యం ఆగుతుంది," అంది. లొరీనా తెలుసంది. సాయంత్రానికి వాడి స్నేహితుడెవడో వచ్చి పడవని లాక్కుపోయాడు.

గురువారం క్లబ్బుకి వెళ్ళాం. నేనే పద అన్నాను, తల దించుకుని ఇంట్లో కూర్చోవడానికి మనమేం తప్పు చేశాం అని. తప్పు చేశాం, అది వేరే సంగతి. బ్రెట్ అప్పటికే కిటికీ పక్క బల్ల దగ్గర బీరు తాగుతున్నాడు. మమ్మల్ని చూసి పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు.

కౌంటరు దగ్గర కుర్రది ఎప్పటిలాగే "జంట కార్డేగా, ఒకటి సగం ధరకి..." అనబోయింది.

"అందులో నా పేరు కొట్టెయ్," అంది లొరీనా, లోపలున్నవాళ్ళందరికీ వినబడేలా. "ఒక ప్లేటు చాలు. పూర్తి ధర తీసుకో."

నేను సంచీలో చెయ్యి పెట్టబోయాను. లొరీనా ఒక చూపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ప్లేటు వచ్చింది. లొరీనా ష్నిట్జెల్‌ని మూడు ముక్కలు కోసింది, ఒకటి కొంచెం పెద్దదిగా వచ్చింది. టిల్లీ అలవాటుకొద్దీ దాన్ని ఫోర్కుతో పక్కకి జరిపి, తల్లివైపు చూసింది.

"ఇదెవరిదమ్మా?"

"నాది," అంది లొరీనా, ముక్కని తన వైపు లాక్కుని తినడం మొదలుపెట్టింది.