సగం గడ్డం దగ్గర ఆగిన కత్తి

కత్తి గొంతు మీదకు రాగానే బావమరిది ఊపిరి బిగబట్టాడు.

భయపడాల్సిన పని లేదు. ఆ కత్తి పట్టుకున్నది సాక్షాత్తూ అక్క మొగుడు. సెలూన్ పెట్టినప్పటి నుంచి ఒక్కరికీ గాటు పడనివ్వని మనిషి. కానీ ఈ రోజు కత్తి వణుకుతోంది.

“బావా, నీ చెయ్యి వణుకుతోంది.”

“వణికేది నీ మెడ. కదలకు.”

బావమరిది అద్దంలోకి చూశాడు. నెత్తి మీద ఫ్యాన్ గిరగిరా తిరుగుతున్నా బావ ముఖం నిండా చెమట. పెదాలు పాలిపోయాయి. చూపు ఎక్కడో ఉంది. తను బావ స్కూటర్ అద్దం విరగ్గొట్టిన సంగతి ఈయనకు తెలిసిపోయిందా?

“బావా, అది నేనే విరగ్గొట్టాను! కొత్తది వేయిస్తాను. కత్తి కింద పెట్టు.”

“ఏం విరిగింది? ఎవరు...” బావ మాట ముద్దగా వచ్చింది. కత్తి జారి నేల మీద ఠంగుమంది. ఆ వెనకే బావ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

బావమరిది ముఖం మీద నురగతోనే అక్కకు ఫోన్ కలిపాడు.

“అక్కా, బావకు చెమటలు! వణుకు! మాట తడబడుతోంది!”

“షుగరు మాత్ర వేసుకున్నాడా?”

అద్దం ముందు మాత్ర తీసిన ఖాళీ రేకు ఉంది. పక్కనే భోజనం క్యారియర్. మూత తియ్యలేదు. ఈ ఒక్క తలా అయ్యాక తింటానంటూ పొద్దుటి నుంచీ కత్తిరిస్తూనే ఉన్నాడు.

“వేసుకున్నాడు. తినలేదు.”

“ఖర్మ! ఆ మాత్ర వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుందని డాక్టరు గారు చెవినిల్లు కట్టుకుని చెప్పారు. మింగగలడా?”

“నన్ను తిడుతున్నాడు.”

“అయితే మింగగలడు. పంచదార నీళ్ళు పట్టు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో చుక్క కూడా పొయ్యకు, అంబులెన్స్ పిలువు.”

సెలూన్‌లో పంచదార పలుకు కూడా లేదు. బావమరిది సగం గీసిన గడ్డంతో రోడ్డు దాటి ఎదురు టీ కొట్టులో పడ్డాడు.

“పంచదార! బావకి!”

టీ కొట్టాయన చేతులు కట్టుకున్నాడు. “ఇవ్వను. షుగరు వచ్చాక, తను కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వొద్దని మీ బావే నా చేత ఒట్టు వేయించుకున్నాడు.”

“అక్కడ మనిషి పోతున్నాడయ్యా!”

“మనిషి పోతున్నాడన్నా నమ్మొద్దన్నాడు.”

బావమరిది పంచదార డబ్బా లాక్కుని పరుగు తీశాడు. గరిటెతో సహా టీ కొట్టాయన వెంటపడ్డాడు. సెలూన్‌లో అడుగుపెట్టి బావ ముఖం చూడగానే ఆయన కోపం దిగిపోయింది. తనే గ్లాసు నీళ్ళలో పంచదార వేసి గరిటెతో గిరగిరా తిప్పాడు.

బావ నోరు బిగించాడు. “షుగరు ఉన్నవాడికి పంచదారా? నా మీద పగబట్టారా?”

బావమరిది ఫోన్ స్పీకర్ నొక్కాడు.

“తాగు!” అంది అక్క.

బావ గటగటా తాగేశాడు.

పావుగంటకు చెమట ఆరింది, చేతులు నిలిచాయి. బావ సంచిలోని షుగరు మీటర్ కూడా గండం గడిచిందనే చెప్పింది. బావ క్యారియర్ మూత తీసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి అక్క కలిపిన ఫోన్‌తో డాక్టరు లైన్లోకి వచ్చారు.

“ముందు కంచం, తర్వాతే మాత్ర. తినడం కుదరని పూట సంగతి సాయంత్రం వచ్చి మాట్లాడండి. ఈలోగా సొంత వైద్యం చేసుకుని మాత్ర మానెయ్యొద్దు, రెండోది వెయ్యొద్దు. జేబులో పంచదార పొట్లం ఉంచుకోండి.”

“మరి నా ఒట్టు?” అన్నాడు టీ కొట్టాయన.

“తీసి గట్టు మీద పెట్టండి.”

ఆయన కాగితం చింపి పొట్లం కట్టి బావ చొక్కా జేబులో దోపాడు. బావ రెండు ముద్దలు హడావిడిగా మింగి కత్తి వైపు చూశాడు. “సగంలో వదిలేశాన్రా. వచ్చేస్తున్నా.”

ఒక చెంప మీద నురగ ఎండిపోయి బిగిసిపోతున్నా బావమరిది కుర్చీలో వెనక్కి వాలాడు.

“పూర్తిగా తిను బావా. మారు వడ్డించుకో. నాకేం తొందర లేదు.”