బాపు చెప్పిన సాక్ష్యం

మా ఇశ్రాయేలు బావ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా మేనత్త కిష్టవ్వ కొడుకు. సిద్దిపేటలో బీమా ఏజెంటు. ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి వాకిట్లోనే సంచి తెరిచి వాయిదాలు వసూలు చేసేవాడు. చుట్టాన్ని కాదనడం మావాళ్లకు చేతకాదు. అతని వ్యాపారమంతా ఆ ఒక్కదాని మీదే నడిచింది.

మా బాపు సామ్యూల్ రైసుమిల్లులో హమాలీ. మూటలు మోసేవాళ్లకు పింఛను ఎవరిస్తారు? అందుకే ఎనభై ఐదులో బావ పింఛను పాలసీ ఉందనగానే చేరాడు. యాభై ఐదు నిండేదాకా కట్టాలి. ఆ తర్వాత బతికున్నంత కాలం నెలనెలా వస్తుంది. దానికోసం బాపు కల్లు మానేశాడు, క్రిస్మస్‌కి కొత్త చొక్కా మానేశాడు. వాయిదా మాత్రం ఎన్నడూ తప్పలేదు.

తొంభై ఏడులో యాభై ఐదు నిండాయి. అప్పటికే కుడి భుజం పైకి లేవడం లేదు. మిల్లు సేటుకు ఇక రానని చెప్పేసి, నన్ను వెంటబెట్టుకుని బీమా ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా కాగితాలు తిరగేసి, "మీ పింఛను అరవై ఐదు నుంచి కదా" అన్నాడు. పాత పాలసీ నాలుగేళ్ల కిందటే రద్దయిందట. కోత పోగా మిగిలిన సొమ్ము కొత్త పాలసీలోకి పోయిందట.

బాపుకు అప్పుడు గుర్తొచ్చింది. "రెండింతలొస్తది మామా, గీడ సంతకం పెట్టు" అని బావ అంటే పెట్టాడు. పింఛను పదేళ్లు ఆలస్యమవుతుందని ఆ పెద్దమనిషి చెప్పలేదు. కొత్త పాలసీ రాయిస్తే మొదటి ఏడాది ఏజెంటుకు కమీషను ఎక్కువ. అంతే సంగతి.

నేను తిన్నగా బావ ఇంటికి పోయాను. కొత్త స్కూటరు తుడుచుకుంటున్నాడు.

"ఏంది బావా, మా బాపు గొంతు గిట్ల కోసినవ్?"

"మామకు ఎక్కువ రావాలెననే చేసిన. పదేండ్లు ఎంతల పోతయి?"

"గా పదేండ్లు మూటలు నువ్వు మోస్తవా?"

"ఆడపిల్లవు, నీకు గీ లెక్కలు తెల్వయి" అని మళ్లీ స్కూటరు తుడవడంలో పడ్డాడు. ఆ గుడ్డ లాక్కుని మొహాన కొట్టాలనిపించింది.

ఇంటికొస్తే బాపు ఇంకో తీరు. "మా అక్క కొడుకు, బిడ్డా. నలుగుర్ల పరువు తియ్యద్దు" అన్నాడు. సోమవారం నుంచి మళ్లీ మిల్లుకు పోతానన్నాడు, ఆ భుజంతోనే. ఆయన మంచితనం మీద నాకు అసహ్యమేసింది.

ఆదివారం వచ్చింది. పాస్టరు ఎప్పటిలాగే, "దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేటోళ్లు లేవుండ్రి" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి కిష్టవ్వత్త లేచింది. కొడుకు స్కూటరు కొన్నాడు, దేవునికి స్తోత్రం అంది. అందరూ ఆమేన్ అన్నారు. నా రక్తం ఉడికిపోయింది. లేవబోయాను.

అంతలో మా బాపు లేచాడు. పుట్టి బుద్ధెరిగాక సాక్ష్యం చెప్పని మనిషి.

"నా పింఛను యాభై ఐదుకు రావాలె. మా అల్లుడు సంతకం పెట్టిచ్చుకొని అరవై ఐదుకు జరిపిండు. నాకు తెల్వలే. ఆయన తాన కట్టెటోళ్లు ఇంక శానమంది ఉన్నరు. రేపే ఆఫీసుకు పోయి మీది ఎప్పుడొస్తదో అడుగుండ్రి."

ఎవరూ ఆమేన్ అనలేదు. ముందు వరసలో ఉన్న బావ పాటల పుస్తకం తెరిచి అందులో తల దూర్చాడు.

కిష్టవ్వత్త ఇంకా కూర్చోలేదు. ఆమె ప్రైవేటు దవాఖానలో ఊడ్చే మనిషి. ఆ జీతంలోంచి ఆమె కూడా కొడుకు దగ్గరే పింఛనుకు కడుతోంది.

"కొడుకా," అంది, మెల్లగా. "మొన్న నాతోని గూడ ఏలుముద్ర ఏపిచ్చినవ్ గద. నాది ఎప్పుడొస్తది?"